యంత్రానికి అడ్డంగా నల్ల గొడుగు

పెద్దమ్మ వెళ్లి యంత్రం ముందు నిలబడింది. చేతిలో నల్ల గొడుగు. దాన్ని విప్పింది కానీ తల మీద పట్టుకోలేదు. డాలు పట్టుకున్నట్టు ఛాతీకి ముందు పట్టుకుంది. అంతే, గుట్ట మీద పని ఆగిపోయింది.

చెవులకు ఫోను తగిలించుకుని కూర్చున్న సర్వే ఆఫీసరు మొదట తప్పు అవతలివాళ్లదే అనుకున్నాడు. "హలో, హలో" అని అరిచాడు. అవతలి గొంతు గరగరలాడి, సన్నబడి, మాయమైంది. యంత్రం కిటికీలో వెలుగుతున్న ఆకుపచ్చ వలయం చెదిరి గడ్డిపరకల కుప్పలా అయింది. మీటలు తిప్పి చూశాడు. బ్యాటరీ తీగలు కదిపి చూశాడు. అప్పుడు తల ఎత్తితే ఎదురుగా గొడుగు, గొడుగు పైన పెద్దమ్మ మొహం.

"అమ్మగారూ, కాస్త పక్కకి జరుగుతారా? మీరు అడ్డం రావడంతో పని ఆగిపోయిందండీ."

"ఆగాల్ననే నిలబడ్డ."

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో మాట ఇది. వర్ధన్నపేట రోడ్డు పక్కన ఒక చిన్న గుట్ట. ఆ యంత్రం గురించి వార్త రాసుకుందామని పోయిన నేను అక్కడే, బండ మీద, కలం మూత తీసి కూర్చుని ఉన్నాను. మా బంధువుల్లో ఈ సంగతి ఇప్పటికీ నవ్వుకోవడానికి చెప్పుకుంటారు. పాపం, చదువు లేని మనిషి, యంత్రం అంటే ఏమిటో తెలియక దాని ముందు నిలబడిందంటారు. అదేమీ కాదు. ఆమె తెలిసే నిలబడింది. ఆ రోజు ఆ గుట్ట మీద తనకేం కావాలో అంత స్పష్టంగా తెలిసిన మనిషి ఇంకొకరు లేరు. ఆ నవ్వులు విని విని విసిగి ఇది రాస్తున్నాను.

ముందు యంత్రం సంగతి. దాన్ని టెల్యూరోమీటర్ అనేవాళ్లు. గొలుసు లాగకుండా, నేలను తాకకుండా దూరం కొలిచే యంత్రం. అప్పుడప్పుడే మన దేశానికి వచ్చింది. నిజానికి అవి రెండు యంత్రాలు, కవల పిల్లల్లా ఒకే తీరుగా ఉండే రెండు పెట్టెలు. ఒక్కో పెట్టె మూడు కాళ్ల బల్ల మీద కూర్చుంటుంది. ముందు వైపు ఒక గిన్నె, ఇప్పుడు డాబాల మీద కనిపించే టీవీ గొడుగుల్లాంటిదే, కాస్త చిన్నది. ఒక పెట్టెను ఈ గుట్ట మీద పెట్టి, రెండోదాన్ని మైళ్ల అవతల ఇంకో గుట్ట మీద పెడతారు. దీని నుంచి రేడియో తరంగం పోయి దాన్ని తాకి తిరిగి వస్తుంది. పోయి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్క కడతారు. మధ్యలో వాగులున్నా, పొలాలున్నా, ఎండకు పొగమంచులా కమ్మే మసక ఉన్నా దానికి పట్టింపు లేదు. ఒక్కటే షరతు. గిన్నెకూ గిన్నెకూ మధ్య అడ్డం ఉండకూడదు.

ఆ రోజు ఒక పెట్టె పెద్దమ్మ మెట్టపొలం వెనకాల గుట్ట మీద ఉంది. రెండోది ఓరుగల్లు కోటలో ఏకశిల గుట్ట మీద ఉంది. తరంగం వెంట మాట కూడా పోయేది. ఇక్కడి ఆఫీసరు, అక్కడి కుర్ర ఆఫీసరు చెవి ఫోన్లలో మాట్లాడుకుంటూ అంకెలు చెప్పుకునేవాళ్లు. టెలిఫోన్ చేయాలంటే పోస్టాఫీసులో పూట పూటంతా కూర్చోవలసిన కాలంలో ఇది చిన్న సంగతి కాదు. నేను హైదరాబాదు దినపత్రికకు వరంగల్ విలేకరిని. సైకిలేసుకుని పోయి ఆఫీసరును బతిమాలి, కొలిచే రోజు దగ్గరుండి చూస్తానని ఒప్పించుకున్నాను. పెద్దమ్మ కూడా వస్తుందని నాకు తెలియదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. వరంగల్ మట్టెవాడలో దుకాణం నడిపేది. చింతపండు, బెల్లం, అటుకులు, పసుపు, దీపం ఒత్తులు, బీడీ కట్టలు. పెదనాన్న తొందరగా పోయాడు. దుకాణంతో పాటు ఆయన వదిలిపోయింది వర్ధన్నపేట రోడ్డు మీద ఒక చెల్క. ఎర్ర నేల, వాన పడితేనే పంట. చెల్క చివర ఒక మోటబావి. ఆ బావి ఉంది కాబట్టే దానికి విలువ. బావి లేకపోతే అది మేకలు తిరిగే జాగా.

ఆ చెల్కకు రోడ్డు వైపు ఒక హద్దురాయి, బావి వైపు ఇంకొక హద్దురాయి. బావి దాటిన తర్వాతే రాయి ఉండేదని పెద్దమ్మ మాట. ఆ పక్క భూమిని కేసముద్రం గింజల మార్కెట్లో కమీషన్ మీద ఆడ్తి వ్యాపారం చేసే ఒకాయన కొన్నాడు. కొన్న ఏడాది వానలు వెలిసిన తర్వాత పెద్దమ్మ బస్సు దిగి చెల్కకు పోయి చూస్తే, రాయి బావికి ఇవతల ఉంది. అంటే బావి ఆడ్తిదారు భూమిలోకి పోయింది.

రాయి మొదటి నుంచీ అక్కడే ఉందని ఆయన అన్నాడు. కొలవమని పెద్దమ్మ అర్జీ పెట్టింది. కొలిచేవాళ్లు గొలుసుతో వచ్చారు.

గొలుసు కొలత గురించి మా వైపు ఒక ఆనవాయితీ ఉండేది. దాన్ని ఎవరూ తప్పనుకునేవాళ్లు కాదు. ఎండలో పని చేసే మనుషులు కాబట్టి కొలత రోజున భూమి గలవాళ్లు వాళ్లకు అన్నం పెట్టాలి. గొడవ ఉన్న భూమి అయితే ఇద్దరిలో ఎవరు ముందు పిలిస్తే వాళ్లింట్లో తినేవాళ్లు. ఇనుప గొలుసు అన్నం తినదు కానీ పట్టుకున్న చేతులు తింటాయి. గట్టిగా లాగితే ఒక కొలత, వదులుగా పట్టుకుంటే ఇంకో కొలత. మధ్యలో చిన్న వాగు ఉంటే గొలుసు అందులోకి జారుతుంది. కడియాలు వంగినవి ఉంటే సరే సరి. ఆడ్తిదారు మాంసం వండించిన రోజున గొలుసు నక్షాలో, అంటే ఊరి పటంలో, ఉన్న దూరాన్ని సరిగ్గా చూపించింది. రెండు రాళ్ల మధ్య ఎంత ఉండాలో అంతే ఉంది, పెద్దమ్మకు అంగుళం కూడా తగ్గలేదంది. మళ్లీ అర్జీ పెట్టి పెద్దమ్మ గారెలు, పాయసం చేసి తీసుకుపోయిన రోజున అదే గొలుసు తగ్గిందంది. మూడోసారి ఆయన ముందే పిలిచాడు. గొలుసు మళ్లీ సరిపోయింది.

ఆ రోజు పెద్దమ్మ మా ఇంటికొచ్చి గడప మీద కూర్చుని, "పాయసంల ముంచిన గొలుసు ఒక తీరు, మాంసంల ముంచిన గొలుసు ఒక తీరు. భూమి మాత్రం గట్లనే ఉన్నది. దానికి నోరు లేకపాయె" అంది. మా అమ్మ ఊరుకొమ్మంది. "ఆయన నీళ్లు తోడుకొమ్మంటాండు గదా అక్కా, తోడుకో, పోనియ్" అంది.

"ఆయన తోడుకొమ్మంటె తోడుకోవాల్నా? రేపు వద్దంటె?"

ఆమెకు కావలసింది నీళ్లు మాత్రమే కాదని అప్పుడే అర్థమైంది. ఒకరిని అడగకుండా తోడుకునే నీళ్లు కావాలి.

అలాంటి రోజుల్లో సర్వే పార్టీ వచ్చింది. వాళ్ల గుడారాలు ఊరి బయట, వాళ్ల ఖలాసీలు సామాన్లకు వచ్చేది పెద్దమ్మ దుకాణానికి. ఖలాసీలంటే యంత్రాలు మోసేవాళ్లు, జెండాలు పాతేవాళ్లు. అటుకులు, బెల్లం కొనుక్కుని అరుగు మీదే కూర్చుని తినేవాళ్లు. వాళ్లలో ఒకడు మన వైపు కూలి. పార్టీలో కొత్తగా చేరాడు కాబట్టి చెప్పే ఉత్సాహం ఎక్కువ.

"గాలిలనే కొలుస్తదమ్మా. నేలకు ముట్టది. గొలుసు లేదు, గుంజుడు లేదు."

"మరి అటు దిక్కు ఎవలు పట్టుకుంటరు?"

"ఎవలు పట్టుకోరు. అటొక డబ్బా, ఇటొక డబ్బా. బండ మీద చుక్క కొట్టి ఉంటది. ఆ చుక్క మీదనే నిలబెడ్తరు. వెంట్రుకంత జరిపినా సారు తిడ్తడు."

"నడుమ ఎవలన్న అడ్డమొస్తె?"

"ఇగ అయిపాయె. మాట గుడ రాదు."

పెద్దమ్మ అతనికి ఆ రోజు బెల్లం ముక్క ఎక్కువే పెట్టిందట. తర్వాత అతనే నాకు చెప్పాడు. యంత్రం ఏ రోజు ఏ గుట్ట ఎక్కుతుందో కూడా ఆమె అతని దగ్గరే తెలుసుకుంది. తెలియక నిలబడిందనేవాళ్లకు ఇక్కడ ఒక మాట. ఆ యంత్రం చుక్క మీద నుంచి కదలలేదని, ఎదురుగా అడ్డం ఉంటే పని చేయదని, మనిషి లాగితే సాగేది కాదని ఆమెకు ముందే తెలుసు. నేను పత్రికకు రాసిన వార్తలో అంతకంటే ఎక్కువ ఏమీ లేదు.

ఇక గుట్ట మీదికి వద్దాం.

ఆఫీసరు గోదావరి వైపు మనిషి. మర్యాదస్తుడు. నెత్తి మీద టోపీ, మెడ చుట్టూ తడి తువ్వాలు. కోపం వచ్చినా 'అండీ' వదలని మనిషి.

"అమ్మగారూ, ఇది దేశాన్ని కొలిచే యంత్రం అండీ. పొలం గట్లు కొలవడానికి కాదు."

"నా చెల్క దేశంల లేదా సారూ?"

ఖలాసీలు మొహాలు తిప్పుకుని నవ్వారు. ఆఫీసరు నా వైపు చూశాడు.

"మీరు పేపరువాళ్లు కదండీ. ఈవిడకి మీరైనా ఒక మాట చెప్పండి."

"ఆమె మా పెద్దమ్మండీ."

"అయితే ఇంకేం, చెప్పండి మరి."

"పెద్దమ్మ కాబట్టే చెప్పలేనండీ."

పెద్దమ్మ నా వైపు తిరగనైనా తిరగలేదు. ఆఫీసరు బేరం మొదలుపెట్టాడు. తన దగ్గర మంచి స్టీలు టేపు ఉందని, పని అయ్యాక ఇద్దరు మనుషులను పంపి కొలిపిస్తానని అన్నాడు.

"టేపు ఎవలు సారూ? గొలుసుకు తమ్ముడే గదా. ఇటొకడు గుంజాలె, అటొకడు గుంజాలె. గుంజెటోనికి ఆకలైతది. నాకు ఈ డబ్బానే కావాలె. దీనికి కడుపు లేదు."

ఒక ఖలాసీ ముందుకొచ్చి, "సాబ్, హటా దూఁ?" అని, పక్కకు లాగెయ్యనా అన్నట్టు చేయి చాపాడు. ఆఫీసరు గట్టిగానే కసిరాడు. "ముట్టుకోకు." ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఆ క్షణంలోనే. పెద్దమ్మకు కూడా కలిగిందనుకుంటాను. గొడుగు మాత్రం దించలేదు.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. బండ కాలుతోంది. ఆమె కాళ్లకు చెప్పులున్నా అప్పుడప్పుడు ఒక కాలు ఎత్తి రెండో కాలి మీద పెట్టుకునేది. ఆఫీసరు తన సీసాలో నీళ్లు పంపించాడు. వద్దంది.

"నీళ్లకేం ఫికర్ సారూ. గా కింద నా బావిల ఉన్నయ్. కొల్చినంక అందరం తాగుదాం."

చివరికి ఆఫీసరుకు ఇంకొక చిక్కు వచ్చింది. ఆలస్యమవుతుందని కోట మీద ఉన్న కుర్ర ఆఫీసరుకు చెప్పాలి. చెప్పాలంటే ఆమె జరగాలి. ఒక్క నిమిషం పక్కకు రమ్మని బతిమాలాడు. తనను కూడా అందులో మాట్లాడనిస్తే జరుగుతానంది. ఆయనకు కూడా ఇక ఓపిక లేదు. చెవి ఫోను తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె పక్కకు వచ్చి, కొంగు సర్దుకుని, దాన్ని చెవికి ఆనించుకుని, గట్టిగా అరిచింది. అరవక్కర్లేదని చెప్పినా వినలేదు. అటు మాటలు బయటికి సన్నగా వినపడుతున్నాయి.

"హలో సార్, ఏమైంది సార్? సిగ్నల్ పోయింది. భోజనం చేసి రానా సార్?"

"తినుపో బిడ్డా. ఎండకు మాడుతానవా?"

"ఎవరండీ మీరు?"

"నేనా? నీకు అడ్డం నిలబడ్డదాన్ని."

అటు నుంచి నవ్వు వచ్చింది. ఓరుగల్లు కోట నుంచి, అన్ని మైళ్లు దాటి, ఒక్క తీగ కూడా లేకుండా వచ్చిన నవ్వు. పెద్దమ్మ నా వైపు తిరిగి, "కోటకెల్లి నవ్వుతాండు!" అంది. ఆ పూట ఆమె మొహం విప్పారింది అప్పుడొక్కసారే. ఫోను తిరిగి ఇచ్చి, మర్యాదగా మళ్లీ పాత చోటికి పోయి గొడుగు పట్టుకుంది. ఆ నవ్వు విన్న తర్వాత ఆమె ఇంకా మొండికేసింది. ఇంత దూరం నుంచి గొంతును చెక్కుచెదరకుండా తెచ్చే యంత్రం, తన చెల్క చివరి దాకా పోలేదా?

ఆఫీసరు టోపీ తీసి తల తుడుచుకున్నాడు. ఈ రోజు పని కానిస్తే రేపు రెండు పెట్టెలూ చెల్కకు తెస్తానన్నాడు. ఇది తన సొంత బాధ్యత మీద చేసేదే కానీ సర్కారు కొలత కాదని, కాగితం ఏదీ ఇవ్వనని, అంత దగ్గరి దూరానికి యంత్రం జానెడు అటూ ఇటూ చెప్పవచ్చని ముందే చెప్పాడు.

"జానెడు పోనీ సారూ. నాది బావి పోయింది."

"సరేనండీ. ఇక జరగండి."

"మాట తప్పితె?"

"తప్పను."

"తప్పితె మల్ల ఎక్కుత. ఆ చుక్క ఏడికి పోదు గదా."

గొడుగు ముడిచి దిగిపోయింది.

మర్నాడు ఆఫీసరు మాట తప్పలేదు. రెండు పెట్టెలూ, కారు బ్యాటరీలూ, మూడు కాళ్ల బల్లలూ చెల్కకు వచ్చాయి. ఒకటి రోడ్డు రాయి మీద, రెండోది బావి రాయి మీద. అయితే మధ్యలో ఆముదం చేను నిండుగా ఉంది, మనిషి ఎత్తున. ఒక గిన్నెకు ఇంకో గిన్నె కనపడదు. "చూశారా అమ్మగారూ, అడ్డం ఉందండీ" అన్నాడు ఆఫీసరు. ఇక్కడితో ఆగుతుందనుకున్నాడేమో. పెద్దమ్మ కొడవలి అడిగి తీసుకుంది. కాయలు ఇంకా ఆరలేదు, పచ్చిగానే ఉన్నాయి. ఒక సాలు పొడుగునా తన పంటను తనే కోసుకుంటూ పోయింది. నేను అందుకోబోతే కొడవలి ఇవ్వలేదు. "నువ్వు రాసుకో" అంది. ఆమె అవతలి చివర నడుము ఎత్తి నిలబడేసరికి రాయి నుంచి రాయికి సన్నటి దారి తెరుచుకుంది. కోసిన చోట పచ్చి వాసన.

అంతలో ఆడ్తిదారు వచ్చాడు. కేసముద్రం నుంచి జీపులో, వెంట ఒక పెద్ద టిఫిన్ క్యారియర్. పులిహోర, లడ్డూలు. తెల్లటి ధోవతి, చేతికి ఉంగరాలు, మాట మాత్రం మెత్తన.

"అక్కా, గింత లొల్లెందుకు? ఇంటాడమనిషివి, ఎండలవడి గిదేం పని? నీళ్లు కావాల్నంటె నేను వద్దన్ననా?"

"నా బావిల నీళ్లు నువ్వు వద్దనేదేంది, ఇచ్చేదేంది?"

"సరే, కొలువనీ. కొలిస్తె నాకేంది భయం?"

క్యారియర్ విప్పించి అందరికీ పెట్టించాడు. ఖలాసీలు చెట్టు కింద చేరి తిన్నారు. బావి రాయి దగ్గర పెట్టె చూస్తున్న కుర్ర ఆఫీసరుకు స్వయంగా ఆకులో పెట్టి తీసుకుపోయాడు. ముందు రోజు కోట మీద నుంచి నవ్విన గొంతు అతనిదే. నేను కంగారు పడి పెద్దమ్మ దగ్గరికి పోయి చెవిలో చెప్పాను.

"తిననీరా. పిలగాడు తింటడు. డబ్బా తింటదా?"

కొలత మొదలైంది. ఆఫీసరు కిటికీలోకి తొంగి చూస్తూ అంకెలు చెబుతుంటే పక్కనున్న మనిషి రాసుకుంటున్నాడు. గాలిలో వేడి, తేమ ఎంతో చూసుకున్నాడు. అవి తెలియకపోతే లెక్క తప్పుతుందట. ఒకసారి చూసి ఊరుకోలేదు, మీట తిప్పుతూ మళ్లీ మళ్లీ చూశాడు. నేలకు దగ్గరగా పోయే తరంగం నేలకు తగిలి చిందుతుంది కాబట్టి ఒక్క కొలత నమ్మనని చెప్పాడు. పెద్దమ్మ తనూ చూస్తానంది. కిటికీకి ఉన్న నల్ల గొట్టంలో మొహం పెట్టింది. లోపల ఆకుపచ్చ వలయం, ఒక చోట చిన్నగా తెగి ఉంది. ఆ తెగిన చోటు ఎక్కడ ఉందో చూసే దూరం చెబుతారు.

"గాజు లెక్కనే ఉన్నదిరా. పచ్చ గాజు. ఒక్కకాడ పలిగింది."

ఆ మాట అని మొహం తీసి, తన చేతుల వైపు చూసుకుంది. పెదనాన్న పోయిన తర్వాత ఆ చేతులకు గాజులు లేవు.

ఆఫీసరు నీడలో కూర్చుని, లెక్కల పుస్తకం తిరగేసి, పెన్సిలుతో చాలాసేపు లెక్క చేశాడు. గ్రామ నక్షాలో ఆ రెండు రాళ్ల మధ్య ఎంత దూరం ఉండాలో అప్పటికే అందరికీ నోటికి వచ్చు. ఇంత గొడవ జరిగింది కదా. ఆయన తల ఎత్తి, అందరూ వినేటట్టు, దూరం తగ్గిందన్నాడు. జానెడు కాదు, గజాల లెక్కన తగ్గింది. బావీ, బావి చుట్టూ ఎడ్లు తిరిగే దారీ కలిపితే ఎంతో, ఇంచుమించు అంత.

పెద్దమ్మ కళ్లు మూసుకుంది. నేను రాసుకుంటూనే ఉన్నాను. చెట్టు కింద ఖలాసీలు నమలడం ఆపేశారు.

ఆడ్తిదారు తెలివైనవాడు. ఆ మాట నేను ఇష్టంగానే అంటాను. గట్టిగా ఆలోచించాడు. తర్వాత ఎంతో జాలిగా అన్నాడు.

"అక్కా, నీకు అన్నాయమే అయింది. కని నన్నేమంటవ్? మొన్న రోడ్డు పెద్దగ చేసిండ్రు గదా. అగో, అప్పుడు ఆ రోడ్డు రాయిని లోపటికి జరిపిండ్రు. నీ భూమి రోడ్డుకు పోయింది. బావి దిక్కు రాయి ఉన్నకాడనే ఉన్నది."

రోడ్డు వెడల్పు చేసిన మాట నిజం. అందరికీ తెలుసు. పెద్దమ్మ ఆఫీసరు వైపు చూసింది. ఆయన మొహంలో ఇబ్బంది కనిపించింది.

"అమ్మగారూ, యంత్రం రెండు రాళ్ల మధ్య దూరమే చెబుతుందండీ. ఏ రాయి జరిగిందో దానికి తెలీదు."

అక్కడ ఎవరైనా కూలిపోతారు. ఒక పూటంతా ఎండలో నిలబడి, పంట కోసుకుని, చివరికి వచ్చిన సమాధానం ఇది. పెద్దమ్మ మాత్రం ఆడ్తిదారు వైపు రెండడుగులు వేసింది.

"నిన్నటి దాక ఏమన్నవ్? నా భూమి అంగుళం గుడ తక్కువ కాలేదన్నవ్. గొలుసు సరిపోయిందన్నవ్. ఇప్పుడు నీ నోటితోనే తక్కువైందన్నవ్. గిప్పుడు గొలుసు అబద్ధమా, నువ్వు అబద్ధమా?"

ఆయన నవ్వబోయి ఆగాడు.

"రాసుకున్నవారా?" అని నన్నడిగింది.

"రాసుకున్న పెద్దమ్మా."

తర్వాత ఆమె బావి దగ్గరికి పోయింది. చేంతాడు వేసి నీళ్లు తోడింది. ముందు రోజు మాట ఇచ్చింది కదా, ఆఫీసరుకూ, కుర్ర ఆఫీసరుకూ, ఖలాసీలకూ, నాకూ పోసింది. చివరికి చెంబు నింపి ఆడ్తిదారుకు చాపింది.

"తాగు. నా బావి నీళ్లు."

ఎండ మండుతోంది. పులిహోర తిన్న నోరు. ఆయన చెంబు వైపు చూశాడు, చుట్టూ మనుషుల వైపు చూశాడు. ఒంట్లో బాగా లేదని జీపెక్కాడు. ఆయన జీపు డ్రైవరు మాత్రం దోసిలి పట్టి కడుపు నిండా తాగాడు.

ఆ రాత్రికే వార్త రాసి పంపించాను. మూడోనాటికి అచ్చయింది. యంత్రం ఉంది, రేడియో తరంగం ఉంది, ఏకశిల ఉంది. పెద్దమ్మ లేదు. డెస్కులో ఎవరో నీలం పెన్సిలుతో ఆమెను తీసేశారు. నేను పత్రిక పట్టుకుని దుకాణానికి పోయి మొత్తం చదివి వినిపించాను.

"నేనేదిరా అండ్ల?"

"జాగా లేదన్నరు పెద్దమ్మా."

"జాగా లేదా! మీ పేపర్ల గుడ ఎవలన్న రాయి జరిపిండ్రా ఏంది?"

ఆ తర్వాత డెస్కులో నేనే చాలా ఏళ్లు నీలం పెన్సిలు పట్టుకున్నాను. వార్తలో నుంచి ఒక మనిషిని కొట్టేయవలసి వచ్చినప్పుడల్లా ఆ మాట వినిపించేది. కొట్టేయడం ఆగలేదు కానీ, చేయి కాస్త నెమ్మదించేది.

సర్వే పార్టీ గుడారాలు ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆఫీసరు ముందే చెప్పినట్టు కాగితం ఏమీ ఇవ్వలేదు. పెద్దమ్మ కోర్టుకు పోయింది. రోడ్డు రాయి జరిగిందా, బావి రాయి జరిగిందా అన్నదే కేసు. రాళ్లకు సాక్షులుగా వచ్చినవాళ్లు ఎవరి అన్నం తిన్నారో అక్కడ కూడా తెలుస్తూనే ఉంది. వాయిదా ఉన్న రోజున ఆ నల్ల గొడుగుతోనే హనుమకొండకు పోయేది. వాన లేకపోయినా, ఎండ లేకపోయినా. కోర్టు మెట్ల మీద ఆమెను చూసిన వకీళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు. బావిలో నీళ్లు మాత్రం చివరి దాకా తోడుకుంది. ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. ఆడ్తిదారు మనుషులు మోట తాడు కోసేస్తే కొత్త తాడు కొన్నది. మళ్లీ కోసేస్తే మళ్లీ కొన్నది.

రాజీ పడమని చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. సగం సగం అనుకుంటే పోతుంది కదా అన్నాను. "బావిని సగం ఎట్ల కోస్తవురా?" అంది. ఆ మాట నేను మళ్లీ ఎత్తలేదు.

పెద్దమ్మ పోయింది. ఆడ్తిదారూ పోయాడు. కేసు ఆమె కూతురికీ, ఆయన కొడుకులకూ వచ్చింది. మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు, ఇప్పుడు వాయిదాలకు పోతుంది. గొడుగు తీసుకుపోదు, మొండితనం మాత్రం తీసుకుపోతుంది. చుట్టూ బోర్లు పడి బావి ఎండిపోయింది. అందులో నీళ్లు లేవు కదా, ఇంకా ఎందుకు ఈ పోరు అని అడిగినవాళ్లను అక్క గుమ్మంలోనే నిలబెట్టి పంపిస్తుంది. అది చూసినప్పుడు నాకు మనసులో సంతోషంగా ఉంటుంది.

యంత్రం నిలబెట్టిన గుట్టను గ్రానైటు కోసం తవ్వుకుపోయారు. బండ మీది చుక్క ఏ ఊళ్లో ఏ ఇంటి గచ్చు అయిందో. రోడ్డు ఇంకా రెండుసార్లు వెడల్పయింది. రోడ్డు రాయి తారు కింద ఉందంటారు, లేదంటారు. ఈ మధ్య కోర్టు చెబితే కొత్తగా కొలవడానికి వచ్చారు. ఇప్పుడు గుట్టలతో పని లేదు, ఆకాశంలోని ఉపగ్రహాలతో కొలుస్తారు. ఒకే కుర్రవాడు, చేతిలో ఒక కర్ర, కర్ర చివర చిన్న పుట్టగొడుగు లాంటిది. బావి రాయి మీద కర్ర పెట్టాడు. అది భూమి మీద ఎక్కడ ఉందో అంగుళం తేడా లేకుండా చెప్పాడు. అది అక్కడికి జరిగి వచ్చిందో, మొదటి నుంచీ అక్కడే ఉందో అతని యంత్రం కూడా చెప్పలేదు. కేసు వాయిదా పడింది.